పుస్తక ప్రతుల సంఖ్య

ఒక పుస్తకాన్ని ఒక విడతలో ఎన్ని ప్రతులు అచ్చు వేస్తారో ఆ లెక్కను ప్రతుల సంఖ్య అంటారు. అచ్చాఫీసులో ఇంత పెద్ద మాట ఎవరూ వాడరు. "ఎన్ని కాపీలు వేద్దాం?" అని అడుగుతారు. తెలుగు పుస్తకం లోపలి పేజీ ఒకటి తిప్పితే ఆ ప్రశ్నకు జవాబు కనిపిస్తుంది. ముద్రణ జరిగిన నెల, సంవత్సరం. దాని కింద ‘ప్రతులు: 1000’. ఆ కింద వెల. అట్టడుగున ‘ప్రతులకు’ అని మొదలయ్యే చిరునామాలు. ఒకే మాట ఆ పేజీలో రెండుసార్లు వస్తుంది. మొదటిసారి పుస్తకం ఎంతమంది కోసం వేశారో చెబుతుంది, రెండోసారి ఎక్కడ దొరుకుతుందో చెబుతుంది. ఇంగ్లీషు ప్రచురణ రంగంలో ఈ సంఖ్య మామూలుగా పుస్తకంలో ఉండదు. అక్కడ అది వ్యాపార రహస్యం. తెలుగు పుస్తకం మాత్రం తరతరాలుగా దాన్ని పాఠకుడికి చెబుతూ వచ్చింది.

ఈ సంఖ్యకు రెండు జీవితాలున్నాయి. పుస్తకం అచ్చుకు వెళ్లేముందు అది ఒక అంచనా. ఇంకా ఎవరూ చదవని పుస్తకాన్ని ఎంతమంది కొంటారో ఊహించి, డబ్బు పెట్టి చెప్పే అంచనా. అచ్చయ్యాక అదే సాక్ష్యం అవుతుంది. ఒక రచన తన కాలంలో ఎంత దూరం వెళ్లగలిగిందో కొలవడానికి సాహిత్య చరిత్రకారుడికి ఇంతకంటే సూటి ఆధారం మరొకటి అరుదుగా దొరుకుతుంది.

ముద్రణ, కూర్పు

ముందు మాటలు తేల్చుకోవాలి. గ్రంథవివరణ శాస్త్రంలో ఒకే అక్షరాల అమరికతో అచ్చయిన ప్రతులన్నీ, ఎన్ని విడతల్లో వేసినా, ఒకే కూర్పు. ఒక విడతలో యంత్రం మీద అచ్చయినవి ఒక ముద్రణ. రచయిత సవరించినా, అక్షరాలు మళ్లీ పేర్చినా కొత్త కూర్పు మొదలవుతుంది. ఏమీ మార్చకుండా మళ్లీ వేస్తే అది పునర్ముద్రణ మాత్రమే. పుస్తకోత్పత్తి గణాంకాల గురించి యునెస్కో 1964లో చేసిన సిఫారసులు కూడా ఈ తేడానే పాటించాయి. అట్టలు కాక కనీసం 49 పేజీలున్న, పత్రిక కాని ప్రచురణ పుస్తకం అన్న నిర్వచనం ఆ పత్రంలోదే.

తెలుగులో ‘ముద్రణ’ అన్న ఒక్క మాటే రెండు బరువులూ మోస్తోంది. ‘ద్వితీయ ముద్రణ’ అని ఉంటే అది కొత్తగా దిద్దిన పాఠమా, పాత పాఠాన్నే మళ్లీ వేశారా అన్నది పుస్తకం తెరిచి పోల్చుకుంటే తప్ప తెలియదు. కొందరు ‘పరివర్ధిత ముద్రణ’, ‘సవరించిన కూర్పు’ అని స్పష్టంగా రాస్తారు. ప్రచురణ సంస్థ మారినప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. ఆరేళ్ల కింద రచయిత సొంతంగా వేసుకున్న పుస్తకాన్ని మరో సంస్థ తీసుకుని తన తొలి విడతను ‘ప్రథమ ముద్రణ’ అనే రాస్తే, పాత ముద్రణ రికార్డులోంచి జారిపోతుంది. ‘మా సంస్థ తరఫున మొదటి ముద్రణ’ అన్న అయిదు మాటలు చాలు, ఆ నష్టం తప్పుతుంది.

రీము, ఫారం, గంట పని

యూరప్ అచ్చు చరిత్రలో మొదటి పెద్ద పుస్తకం ప్రతుల సంఖ్య మనకు ఒక ఉత్తరం వల్ల తెలిసింది. తర్వాత రెండో పయస్ పేరుతో పోప్ అయిన ఈనియా పిక్కొలోమిని, 1455 మార్చిలో రాసిన లేఖలో గూటెన్‌బర్గ్ బైబిల్ గురించి చెబుతూ, 158 ప్రతులని కొందరు, 180 అని కొందరు అన్నట్టు రాశాడు. ఆ బైబిల్ తొలి పేజీల్లో కొన్నింటికి రెండు వేర్వేరు అక్షరాల అమరికలు కనిపిస్తాయి. కారణం ఏమిటంటే, పని మొదలయ్యాక గూటెన్‌బర్గ్ ప్రతుల సంఖ్య పెంచాడు. అప్పటికే మొదటి పేజీల అచ్చు ముగిసి, అక్షరాలు విడదీసేశారు. పెంచిన ప్రతుల కోసం ఆ పేజీలు మళ్లీ పేర్చాల్సి వచ్చింది. ఎన్ని వేయాలన్న ప్రశ్న దగ్గర తటపటాయింపు అచ్చుతోపాటే పుట్టింది. ఆ ప్రతుల్లో ఇప్పుడు యాభైకి కాస్త తక్కువే మిగిలి ఉన్నాయి.

అంచనా తప్పడం కూడా అంతే పాతది. ఇటలీకి అచ్చును తీసుకెళ్లిన స్వైన్‌హైమ్, పన్నార్ట్జ్ అనే ఇద్దరు జర్మన్ ముద్రాపకులు రోములో ప్రాచీన లాటిన్ గ్రంథాలు వేశారు. ఎక్కువ పుస్తకాలకు 275 ప్రతుల చొప్పున వేశారు. 1472లో వాళ్ల తరఫున పోప్‌కు వెళ్లిన విజ్ఞప్తిలో ఆ జాబితా అంతా ఉంది. ఇల్లంతా అమ్ముడుపోని కాగితాలతో నిండిపోయిందనీ, తినడానికి మాత్రం ఏమీ లేదనీ అందులో మొరపెట్టుకున్నారు. ప్రతుల సంఖ్యల తొలి వివరమైన పట్టిక ఇలా ఒక ఆకలి విజ్ఞాపనగా మనకు మిగిలింది.

ఈ సంఖ్యలు ఎందుకు 250, 500, 750, 1000, 1250 అన్నట్టు ఉంటాయి? పాఠకులు ఇలా గుండ్రంగా పుట్టరు కదా. జవాబు కాగితంలోనూ కూలిలోనూ ఉంది. ఇంగ్లండులో చేతి యంత్రం మీద ఇద్దరు పనివాళ్లు గంటలో అచ్చు వేసే 250 కాగితాలను ఒక కొలతగా పెట్టుకున్నారు. కూలి ఆ కొలతతోనే లెక్కగట్టేవారు. అందువల్ల ప్రతులు 250 గుణిజాల్లో వేయడం అలవాటైంది. లండన్ స్టేషనర్స్ కంపెనీ 1587లో, అక్షరాలు ఒకసారి పేరిస్తే మామూలు పుస్తకానికి 1250 లేదా 1500 ప్రతులు మించి తీయకూడదని నియమం పెట్టింది. అది పాఠకుల గురించి చేసిన నియమం కాదు. అక్షరాలు కూర్చే పనివాళ్లకు మళ్లీ మళ్లీ పని దొరకాలని చేసినది. పుస్తకం ఎంతమందికి చేరాలో కూలి బేరం నిర్ణయించిన సందర్భం ఇది.

మన అచ్చాఫీసుల్లో ఆ పాత్ర రీముది. 1/8 డెమీ సైజులో ఒక కాగితం రెండువైపులా అచ్చయి మడత పడితే 16 పేజీల ఫారం అవుతుంది. 160 పేజీల పుస్తకానికి 10 ఫారాలు. రీముకు 500 కాగితాలు. అంటే 500 ప్రతులు వేస్తే ఫారానికి ఒక రీము, మొత్తం 10 రీములు. 1000 వేస్తే 20 రీములు. పైన యంత్రం సర్దుకునేలోపు పాడయ్యే కాగితం అదనం. ‘ప్రతులు: 500’, ‘ప్రతులు: 1000’ అన్న అంకెల వెనక ఈ రీముల లెక్క ఉంది. కాగితం చెడిపోవడం వల్ల చివరికి చేతికి వచ్చేవి అటూ ఇటూగా ఉంటాయి. అచ్చువేసిన సంఖ్యను ఒకటో రెండో తేడా లేనంత కచ్చితంగా ఎవరూ తీసుకోకూడదు.

ఫారాలు అచ్చయ్యాయంటే పుస్తకాలు తయారైనట్టు కాదు. వేసినవన్నీ ఒకేసారి కుట్టి అట్ట వేయాలని లేదు. పాత రోజుల్లో ముందు కొన్నింటికే బైండింగ్ చేయించి, మిగతా ఫారాలను కట్టలుగా ఉంచి, అమ్మకం చూసి మళ్లీ కుట్టించేవారు. అందుకే ‘అచ్చువేసినవి’, ‘కుట్టినవి’, ‘అమ్ముడైనవి’ అన్నవి మూడు వేర్వేరు అంకెలు.

లెక్క ఎలా వేస్తారు

పుస్తకం ఖర్చులో రెండు పాళ్లు ఉంటాయి. డిటిపి, ప్రూఫులు, బొమ్మలు, ముఖచిత్రం, అనువాదమైతే అనువాదకుడి పారితోషికం, ఆఫ్‌సెట్ ప్లేట్లు: ఇవి ఒక ప్రతి వేసినా పదివేలు వేసినా మారవు. కాగితం, అచ్చు, బైండింగ్ ప్రతి ప్రతికీ పెరుగుతాయి. అంకెలు తేలిగ్గా ఉండేలా ఒక ఊహా లెక్క వేద్దాం. మారని ఖర్చు 40,000 రూపాయలు, ప్రతికి పెరిగే ఖర్చు 60 రూపాయలు అనుకుందాం. 500 వేస్తే ప్రతి ఖర్చు 140 రూపాయలు. 1000 వేస్తే 100. 2000 వేస్తే 80. 5000 వేస్తే 68.

ఇక్కడే ఆశ మొదలవుతుంది. వెల 200 పెట్టి, దుకాణానికి 40 శాతం కమిషన్ పోగా ప్రతికి 120 చేతికొస్తుందనుకుంటే, 500 వేసినవాడు అన్నీ అమ్మినా 10,000 నష్టపోతాడు. 1000 వేసినవాడికి 834వ ప్రతి దగ్గర పెట్టుబడి తిరిగొస్తుంది. 2000 వేసినవాడికి 1334వ ప్రతి దాకా ఆగాలి. నిజంగా కొనేవాళ్లు 900 మందే అయితే, 1000 వేసినవాడికి 8,000 మిగులుతుంది. 2000 వేసినవాడు 52,000 పోగొట్టుకుంటాడు. ప్రతి ఖర్చు 100 నుంచి 80కి దిగిందన్న సంతోషంతో 2000 వేసినవాడి డబ్బు గోదాములో చెదలకు ఆహారమవుతుంది. చిన్న ప్రచురణకర్తలు ఎక్కువమంది దెబ్బతినేది ఈ ఒక్క మెట్టు దగ్గరే. ప్రతి ఖర్చు తగ్గడం లాభం కాదు. అమ్ముడైన ప్రతి మాత్రమే లాభం.

దీనికి గణితంలో పత్రికలమ్మే కుర్రాడి సమస్య అని పేరు. రేపు ఎన్ని అమ్ముడవుతాయో తెలియకుండా ఈ రాత్రే సరుకు తెచ్చుకోవాలి. ఒక ప్రతి తక్కువైతే పోయే లాభం ఎంత, ఒక ప్రతి మిగిలితే పోయే డబ్బు ఎంత అని తూచడమే దీని పరిష్కారం. పై లెక్కలో రెండూ చెరి 60 రూపాయలు. కాబట్టి చిట్టచివరి ప్రతి అమ్ముడయ్యే అవకాశం సగానికి సగం ఉన్నంత వరకే వేయాలి. పుస్తకానికి దినపత్రికకు లేని ఒక వెసులుబాటు ఉంది: అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు. అందువల్ల మళ్లీ వేయడం ఎంత సులువైతే మొదటి విడత అంత చిన్నదవుతుంది. సీసపు అక్షరాల కాలంలో అచ్చవగానే పేజీలు విడదీసి ఆ అక్షరాలనే మరో పుస్తకానికి వాడుకునేవారు. మళ్లీ వేయాలంటే మొత్తం మళ్లీ పేర్చాలి, ప్రూఫులు మళ్లీ దిద్దాలి. పందొమ్మిదో శతాబ్దంలో పేజీని అచ్చుపోసి పలకగా దాచుకునే స్టీరియోటైపు పద్ధతి వ్యాపించాక ఆ బెడద తగ్గింది. ఆఫ్‌సెట్ ఇంకా తగ్గించింది. జిరాక్స్ సంస్థ 1990లో డాక్యుటెక్ యంత్రాన్ని తెచ్చాక వచ్చిన డిజిటల్ అచ్చు, ప్లేట్లనే తీసేసింది.

వెల తగ్గించాలనుకున్నవాడు మాత్రం తెగించి ఎక్కువ వేయాల్సిందే. 1935లో అలెన్ లేన్ లండన్‌లో ఆరు పెన్నీలకే పెంగ్విన్ పుస్తకాలు తెచ్చినప్పుడు ఒక్కో పుస్తకం పదిహేడు వేలకు పైగా అమ్ముడైతే తప్ప ఖర్చు తిరిగిరాని లెక్క. పుస్తకాల దుకాణాలు ఆసక్తి చూపలేదు. గిన్నెలూ గుడ్డలూ అమ్మే వూల్‌వర్త్ దుకాణాల నుంచి వచ్చిన 63,500 ప్రతుల ఆర్డరు ఆ సాహసాన్ని గట్టెక్కించింది.

ముందే తెలిసిన పాఠకులు

అంచనా భారం దించుకోవడానికి ప్రచురణకర్తలు కనిపెట్టిన పాత ఉపాయం చందా. దిదెరో సంపాదకత్వంలో వచ్చిన ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వాన్ని మొదట 1625 ప్రతులు వేయాలనుకున్నారు. చందాదారులు పెరిగేకొద్దీ ఆ సంఖ్య నాలుగు వేలు దాటింది, తొలి సంపుటాలను మళ్లీ వేయాల్సి వచ్చింది. తెలుగులో 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఈ దారినే నడిచింది. కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు చరిత్ర, విజ్ఞానశాస్త్రం వంటి, అప్పటికి తెలుగులో గిరాకీ లేని విషయాలమీద పుస్తకాలు వేయగలిగారంటే, ముందుగా పేరు నమోదు చేసుకున్న చందాదారులే అండ. తర్వాతి కాలంలో ఎమెస్కో ప్రచురణ సంస్థ పథకం కూడా నెలనెలా పుస్తకం అందుకునే సభ్యులను పోగు చేసింది. పాకెట్ పుస్తకం తక్కువ ధరకు రాగలిగిన రోజులవి.

గ్రంథాలయాలు మరో ఆసరా. ఇంటిపన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు, ప్రభుత్వ కొనుగోళ్లు, 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం సాయం: ఇవి సక్రమంగా నడిచిన సంవత్సరాల్లో కథా సంకలనమో విమర్శ గ్రంథమో వేయి ప్రతులు వేయడానికి ధైర్యం ఉంటుంది. ఆగిన సంవత్సరాల్లో ఆ వెయ్యి అయిదు వందలవుతుంది. విశ్వవిద్యాలయం ఒక నవలను ఉపవాచకంగా పెడితే అదే నవలకు వేలల్లో ప్రతులు కావాల్సి వస్తాయి. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలకైతే అంచనా అక్కర్లేదు, బడిలో పిల్లల లెక్క ఉంది.

వీటన్నిటికీ బయట ఉన్నది మన కవిత్వం. తెలుగు కవితా సంపుటాల్లో చాలా భాగం కవి తన జీతంలోంచి, అప్పులోంచి వేసుకున్నవే. అక్కడ ప్రతుల సంఖ్యను మార్కెట్ నిర్ణయించదు. ఆవిష్కరణ సభకు వచ్చేవాళ్లు, సమీక్షకు పంపాల్సిన పత్రికలు, పేరుపేరునా ఇవ్వాల్సిన మిత్రులు, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, చలికాలంలో హైదరాబాదు పుస్తక ప్రదర్శన: ఇవి కలిపితే వచ్చేదే సంఖ్య. ఆ మూడు వందలూ అయిదు వందలూ చిన్న అంకెలని తీసిపారేయడం తప్పు. పుచ్చుకున్న ప్రతి చేతికీ కవి స్వయంగా అందించిన ప్రతులవి.

కాగితం దొరక్కపోతే ఏ అంచనా పనికిరాదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ప్రచురణకర్తలకు 1940లో కాగితం కోటా పెట్టారు. యుద్ధానికి ముందు వాడినదాంట్లో మొదట 60 శాతం ఇచ్చి, తర్వాత 40 శాతం లోపుకు కోసేశారు. సోవియట్ యూనియన్‌లో సంఖ్యను ప్రణాళిక నిర్ణయించింది. జనం అడగని పుస్తకాలు లక్షల్లో వచ్చేవి, అడిగినవి దొరికేవి కావు. చివరికి 1974 నుంచి 20 కిలోల చిత్తుకాగితం తెచ్చి ఇచ్చినవారికి, గిరాకీ ఉన్న నవల కొనుక్కునే కూపన్ ఇవ్వడం మొదలుపెట్టారు.

అంచనా తప్పిన పుస్తకాలు

అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో తన మొదటి పుస్తకాన్ని 1849లో సొంత పూచీమీద వెయ్యి ప్రతులు వేయించాడు. నాలుగేళ్లయ్యాక ప్రచురణకర్త మిగిలిన 706 ప్రతులను బండిమీద ఇంటికి పంపేశాడు. వాటిలో ఎక్కువ భాగం కుట్టని ఫారాలు. అవన్నీ వీపుమీద మోసుకుంటూ రెండంతస్తుల మెట్లెక్కించి అటక గదిలో పేర్చుకున్నట్టు ఆయన డైరీలో రాసుకున్నాడు. ఆ అప్పు తీర్చడానికి ఆయనకు ఏళ్లు పట్టింది.

స్కాట్ ఫిట్జెరాల్డ్ ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ 1925 ఏప్రిల్‌లో 20,870 ప్రతులతో వచ్చింది. ఆ ఆగస్టులో ఇంకో 3000 వేశారు. ఆ రెండో ముద్రణ ప్రతుల్లో కొన్ని 1940లో రచయిత చనిపోయేనాటికి గోదాములో అలాగే ఉన్నాయి. తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకు ఉచితంగా పంచడానికి వేసిన చిన్న సైజు పుస్తకాల్లో గాట్స్‌బీ కూడా చేరింది. ఆ ఒక్క రూపంలోనే లక్షకు పైగా ప్రతులు అచ్చయ్యాయి. ఆ పథకం మొత్తంలో 1943 నుంచి 1947 దాకా సుమారు 1300 పుస్తకాలు, 12 కోట్లకు పైగా ప్రతులు వెలువడ్డాయి. అమ్ముడుపోని పుస్తకం మంచిది కాదని ప్రతుల సంఖ్య చూసి తీర్పు చెప్పేవాళ్లు ఈ రెండు పుస్తకాలను గుర్తుపెట్టుకోవాలి.

మిగిలిన ప్రతుల భవితవ్యాన్ని ఒక్కోసారి పన్ను చట్టం తేలుస్తుంది. అమెరికా సుప్రీంకోర్టు 1979లో థోర్ పవర్ టూల్ కంపెనీ కేసులో, అమ్ముడుపోని సరుకు విలువను ఖాతాల్లో తగ్గించి చూపి పన్ను మినహాయింపు పొందడం కుదరదని తీర్పిచ్చింది. అది పనిముట్ల కంపెనీ కేసు. కానీ దాని దెబ్బ పుస్తకాలమీద పడింది. నెమ్మదిగా అమ్ముడయ్యే పుస్తకాలను గోదాముల్లో ఉంచుకోవడం దండగై, ప్రచురణకర్తలు తక్కువ వేయడం, మిగిలినవి తొందరగా గుజ్జుకు పంపడం పెరిగింది. మన దగ్గర మిగిలినవి తూకానికి వెళ్తాయి. అదృష్టం బాగుంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ మీదికి చేరి మరో పాఠకుడికి దొరుకుతాయి.

సంఖ్యను చెప్పే తీరులు

అచ్చువేసిన సంఖ్యను నిజాయితీగా చెప్పినా వినేవాడికి తప్పుగా చేరొచ్చు. డార్విన్ ‘జాతుల పుట్టుక’ 1859 నవంబరులో 1250 ప్రతులు అచ్చయింది. అందులో రచయితకు 12, సమీక్షలకు 41, చట్టప్రకారం అప్పగించాల్సినవి 5 పోగా, అమ్మకానికి మిగిలినవి 1192. అవన్నీ ఒక్కరోజులో అమ్ముడయ్యాయన్న మాట లోకమంతా చెప్పుకుంటుంది. నిజానికి ఆ రోజు కొన్నది పాఠకులు కాదు, పుస్తక వ్యాపారులు. అద్దెకు పుస్తకాలిచ్చే మ్యూడీ గ్రంథాలయం ఒక్కటే 500 తీసుకుంది. ఆరు వారాల్లో, 1860 జనవరిలో, రెండో కూర్పు 3000 వచ్చింది. కాబట్టి పుస్తకం విజయం నిజమే. ‘అయిపోయింది’ అన్న మాటకు మాత్రం ఎవరి దగ్గర అయిపోయిందన్న ప్రశ్న ఎప్పుడూ వేసుకోవాలి.

సంఖ్యను చెప్పడంలో ఒక్కో దేశానిది ఒక్కో అలవాటు. జర్మన్ పుస్తకాల్లో ‘16 నుంచి 20వ వేయి’ అని రాసేవారు. అంటే ఇంతకుముందు పదిహేను వేలు వచ్చాయి, ఇప్పుడు మరో అయిదు వేలు. ఫ్రెంచివాళ్లు ‘అరవయ్యో వేయి’ అని ముఖపత్రం మీదే వేసేవారు. సోవియట్ పుస్తకాల చివరి పేజీలో సైజు, కాగితం వివరాలతోపాటు ప్రతుల సంఖ్య ఉండేది. పాశ్చాత్య ప్రచురణకర్తలు 10 నుంచి 1 దాకా అంకెల వరుస వేసి, ప్రతి పునర్ముద్రణకూ చివరి అంకె చెరిపేస్తారు. మిగిలిన అతి చిన్న అంకె ఎన్నో ముద్రణో చెబుతుంది. ఎన్ని ప్రతులో చెప్పదు.

జపాన్ పద్ధతి అన్నిటికంటే ఆసక్తికరం. అక్కడ చాలాకాలం పుస్తకం వెనక పేజీలో చిన్న చీటీ అంటించి దానిమీద రచయిత తన ముద్ర వేసేవాడు. ముద్ర లేని ప్రతి దొంగ ప్రతి. రచయిత ఎన్ని ముద్రలు వేస్తే అన్ని ప్రతులకు డబ్బు రావాలి. రాయల్టీకి అక్కడ నేటికీ ఉన్న పేరుకు ముద్ర పన్ను అని అర్థం. తెలుగు రచయితలకూ ప్రచురణకర్తలకూ మధ్య ‘వెయ్యి అని రాసి ఎన్ని వేశారో’ అన్న గుసగుస ఎంత పాతదో అందరికీ తెలుసు. ఆ అనుమానానికి జపనీయులు కనిపెట్టిన మందు ఇది.

నాకు అన్నిటికంటే ఆదర్శంగా అనిపించేది గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ పద్ధతి. ఎన్నో పునర్ముద్రణ, ఈ విడతలో ఎన్ని వేలు, ఇప్పటిదాకా మొత్తం ఎన్ని అన్నది మూడూ ఒకే చోట ఇస్తారు. వాళ్ల తెలుగు పుస్తకాల్లోనూ ఇది చూడొచ్చు. తిరుమల తిరుపతి దేవస్థానాల ప్రచురణల్లో కూడా ప్రతుల సంఖ్య ఉంటుంది. భక్తుల సొమ్ముతో నడిచే సంస్థలు లెక్క చెప్పడంలో వ్యాపార సంస్థలకంటే ముందున్నాయి.

దీనికి పూర్తిగా అవతలి కొసన పరిమిత ముద్రణలున్నాయి. విలియం మోరిస్ 1896లో వేసిన ఇంగ్లీషు కవి చాసర్ గ్రంథం 425 కాగితపు ప్రతులు, 13 తోలు ప్రతులే. అక్కడ తక్కువ వేయడమే విలువ. మరో కొసన ప్రకటనల అంకెలున్నాయి. 1997లో హ్యారీ పాటర్ మొదటి భాగాన్ని బ్లూమ్స్‌బరీ గట్టి అట్టతో 500 ప్రతులు మాత్రమే వేసిందని చెబుతారు. పదేళ్లకు ఏడో భాగం అమెరికాలో ఒక్క తొలి ముద్రణే 1 కోటి 20 లక్షలు. ఆ అంకెను విడుదలకు ముందే ఊరంతా చాటారు. అప్పుడు అది సమాచారం కాదు, ప్రచారం.

పత్రికల సంగతి వేరు. అక్కడ ప్రకటనల ధర సర్క్యులేషన్‌మీద ఆధారపడుతుంది కాబట్టి, అచ్చువేసిన సంఖ్యను నమ్మకుండా తిరిగొచ్చినవి తీసేసి లెక్కగట్టడానికి 1948లో మన దేశంలో ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఏర్పడింది. ఆరు నెలలకోసారి లెక్కలు తేలుస్తుంది. పుస్తకాలకు అటువంటి తనిఖీ లేదు.

చట్టం రాసిపెట్టిన లెక్కలు

తనిఖీ లేకపోయినా నమోదు ఒకటి ఉండేది. 1867 నాటి ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టం 18వ సెక్షన్, అచ్చయిన ప్రతి పుస్తకం గురించి ప్రభుత్వం రాసిపెట్టుకోవాల్సిన వివరాలు చెప్పింది. పేరు, భాష, రచయిత, పేజీలు, సైజు, ఎన్నో కూర్పు, వెల, హక్కుదారు. వాటితోపాటు ఆ కూర్పులో ఎన్ని ప్రతులు అన్నది కూడా. మూడు నెలలకోసారి ఈ పట్టికలు ప్రభుత్వ గెజిట్‌లో వెలువడేవి. మద్రాసు రాజధానిలో వచ్చిన తెలుగు పుస్తకాల వివరాలు అలా మిగిలాయి. వలస ప్రభుత్వం ఈ చట్టం చేసింది ప్రజలు ఏం చదువుతున్నారో కనిపెట్టి ఉండటానికే. అయినా, పంచాంగాలెన్ని, శతకాలెన్ని, బడి పుస్తకాలెన్ని అచ్చయ్యాయో ఈరోజు పరిశోధకుడికి తెలుస్తున్నది ఆ నిఘా పుణ్యమే. 1954 నాటి మరో చట్టం ప్రకారం ప్రచురణకర్త 30 రోజుల్లోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరాతో సహా మరో మూడింటికీ ఒక్కో ప్రతి పంపాలి.

1867 చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1న అమల్లోకి వచ్చింది. అది పత్రికలకు మాత్రమే వర్తిస్తుంది. పుస్తకాలను దాని పరిధిలోంచి తీసేశారు. ప్రచురణకర్తలకు కాగితాల పని తగ్గింది, అది మంచిదే. కానీ ప్రతుల సంఖ్యను ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలన్న బాధ్యత కూడా దాంతోపాటే పోయింది.

ఇదే సమయంలో డిజిటల్ అచ్చు ముద్రణ అన్న మాటకు అర్థాన్నే కరిగిస్తోంది. అడిగినప్పుడు యాభై, మళ్లీ అడిగితే ముప్పై వేసే పద్ధతిలో మొదటి ముద్రణ ఎక్కడ ముగిసిందో చెప్పలేం. రీము లెక్కా, ప్లేట్ల ఖర్చూ లేనప్పుడు గుండ్రటి సంఖ్య అవసరమూ లేదు. అమెరికాలో ఉన్న తెలుగు పాఠకుడు ఆర్డరు పెడితే ప్రతి అక్కడే అచ్చయి చేరుతోంది. చిన్న ప్రచురణ సంస్థలకు ఇది నిజమైన ఊరట, గోదాము భయం లేదు. అయితే ప్రచురణ వివరాల పేజీలోంచి ‘ప్రతులు’ అన్న పంక్తి కొన్ని పుస్తకాల్లో మెల్లగా మాయమవుతోంది.

విడత విడతకూ సంఖ్య చెప్పడం కుదరకపోతే, ‘2024 మార్చి నుంచి 2025 డిసెంబరు దాకా 640 ప్రతులు’ అని తదుపరి విడతలో మొత్తం వేయొచ్చు. అంకె చిన్నదైతే సిగ్గుపడాల్సిన పని లేదు. తెలుగు ప్రచురణకర్తలూ, సొంతంగా పుస్తకం వేసుకునే కవులూ రచయితలూ ఈ ఒక్క పంక్తిని వదలకుండా వేయండి, సరైన అంకెతో వేయండి.